మొక్కల తొట్టిలో నత్తలు, నల్ల పాచి: మందు వేయాలా, వద్దా?

మణికొండ_తొట్టి | ఏప్రిల్ 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడి చర్చలు చదువుతూనే ఉన్నాను గాని, రాయడం ఇదే మొదటిసారి. మా ఇంట్లో రెండడుగుల మొక్కల తొట్టి ఉంది. మట్టి, రాళ్లు పోగా దాదాపు 50 లీటర్ల నీరు పడుతుంది. పెట్టి ఏడు నెలలైంది. 12 ఎంబర్ టెట్రా చేపలు, అడుగున తిరిగే 6 కోరిడోరా చేపలు, 30 దాకా చెర్రీ రొయ్యలు ఉన్నాయి. మొక్కల్లో అనూబియాస్, జావా ఫెర్న్, రొటాలా, వాలిస్నేరియా ఉన్నాయి. గ్యాసు సిలిండరు కొనే స్తోమత ఇంకా రాలేదు కనుక, చక్కెర, ఈస్టు కలిపిన సీసాతోనే మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ ఇస్తున్నాను.

నాకున్న బాధలు రెండు. మొదటిది నత్తలు. కొరియర్‌లో తెప్పించిన రొటాలా కట్టతో నాలుగైదు వచ్చినట్టున్నాయి, ఇప్పుడు రాత్రి లైటు వేస్తే అద్దం మీద లెక్కపెట్టలేనన్ని కనిపిస్తున్నాయి. రెండవది పాచి. అనూబియాస్ ఆకుల అంచులకూ, ఫిల్టర్ గొట్టం మూతికీ నల్లటి కుచ్చులు పట్టాయి. అద్దం మీదా, ముదురు ఆకుల మీదా పచ్చటి చుక్కలు గట్టిగా అతుక్కుని బ్లేడుతో గీకితే తప్ప రావడం లేదు. ఫిష్ షాపులో అడిగితే నత్తల మందని ఒక నీలం సీసా చేతిలో పెట్టి, పది చుక్కలు వేస్తే తెల్లారేసరికి ఒక్కటీ మిగలదన్నారు. సీసా మీద అందులో ఏముందో రాసి లేదు. వేయమంటారా? తొట్టి ఫోటో కూడా పెడుతున్నాను.

పాత_నాచు (నిర్వాహకులు) | ఏప్రిల్ 6, రాత్రి 10:25

వేయకండి. ఏముందో రాయని నీలం మందులో చాలావరకు ఉండేది రాగి లవణమే. అది నత్తల కంటే ముందు మీ రొయ్యలను తీసుకుపోతుంది.

మందు సంగతి తరవాత చూద్దాం, ముందు వచ్చిన నత్త ఏదో తేల్చుకోవాలి. ఒకదాన్ని పట్టుకుని మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పెట్టి చూడండి. నోరు ఎడమ పక్కన ఉంటే అది బ్లాడర్ నత్త, కుడి పక్కన ఉంటే లిమ్నియా జాతి చెరువు నత్త. చక్రంలా చప్పటిగా చుట్టుకుని ఉంటే రామ్స్‌హార్న్. పగలంతా మట్టిలో ఉండి రాత్రి బయటికొచ్చే సన్నటి పొడుగాటి శంఖాకారపుది ట్రంపెట్ నత్త. వీటి పద్ధతులు వేరు కాబట్టి పట్టే తీరు కూడా వేరుగానే ఉంటుంది. బ్లాడర్ నత్త ఒక్కటే ఉన్నా తనంతట తాను గుడ్లు పెట్టగలదు. ట్రంపెట్ ఆడది మగతోడు లేకుండానే గుడ్లతో పనిలేక నేరుగా పిల్లలను కంటుంది. అందువల్ల "ఆఖరిదాన్ని కూడా ఏరేస్తాను" అనే పట్టుదల మనిషిని అలసిపోయేలా చేయడం తప్ప మరో ఫలితం ఇవ్వదు.

దానితోపాటు ఈ వివరాలు కూడా రాయండి: లైటు ఎన్ని గంటలు వెలుగుతుంది, కిటికీ ఎటు ఉంది, రోజుకు ఎంత మేత వేస్తున్నారు, ఎవరెవరు వేస్తున్నారు, నైట్రేట్, ఫాస్ఫేట్ ఎంత, ఫిల్టర్‌లో ఏమేం పెట్టారు.

భీమవరం_గట్టు | ఏప్రిల్ 7, ఉదయం 6:05

రాగి మాట వచ్చింది కనుక చెరువుల వాళ్లకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. మా చేపల చెరువుల్లో పాచి మితిమీరినప్పుడు మైలుతుత్తం (రాగి సల్ఫేటు) వాడటం పాత అలవాటే. కాని దానికి లెక్క ఉంది. నీటి మొత్తం ఆల్కలినిటీని (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 100తో భాగిస్తే వచ్చేది లీటరుకు వేయదగిన మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ 50కి దిగువన ఉంటే అసలు ముట్టుకోము. మెత్తటి నీటిలో అదే మోతాదు విషం కావడమే దీనికి కారణం. అంత లెక్క చూసి వేసినా, పాచి ఒక్కసారిగా చచ్చి కుళ్లితే తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి చేపలు నీటి పైకి నోళ్లు తెరుచుకుని వస్తాయి. ఎకరాల చెరువులోనే ఏరియేటర్లు తిప్పుకుంటూ రాత్రంతా మేలుకోవాల్సి వస్తే, 50 లీటర్ల తొట్టిలో వందల నత్తలు రాళ్ల సందుల్లో ఒకే రాత్రి చస్తే వచ్చే అమ్మోనియాను మీరు ఏం పెట్టి ఆపుతారు? పైగా రాగి మట్టికి పట్టుకుని ఉండిపోతుంది. మూడు నెలల తరవాత కొత్త రొయ్యలు వేసినా నిలవకపోవచ్చు.

మణికొండ_తొట్టి | ఏప్రిల్ 8, రాత్రి 8:50

నీలం సీసా తిరిగి ఇచ్చేశాను. వారు డబ్బు ఇవ్వలేదు, బదులుగా ఒక వల ఇచ్చారు.

నత్తల్లో మూడు రకాలు ఉన్నాయి: ఎడమ నోటి బ్లాడర్ నత్తలు ఎక్కువ, ఎర్రటి రామ్స్‌హార్న్‌లు కొన్ని, మట్టిలో ట్రంపెట్‌లు. లైటు ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది, సాయంత్రం అరగంట పడమటి కిటికీ ఎండ కూడా తగులుతుంది. మేత సంగతి అడగగానే ఇంట్లో విచారణ జరిపాను. నేను ఉదయం ఒకసారి వేస్తున్నాను, మా నాన్నగారు మధ్యాహ్నం ఒకసారి "చిన్న చిటికెడే" వేస్తున్నారట, రాత్రి కోరిడోరాల కోసం మూడు మునిగే బిళ్లలు నేనే వేస్తున్నాను. నైట్రేట్ 5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), ఫాస్ఫేట్ సున్న. కుళాయి నీటి టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) 280, తొట్టి నీటిది 410.

కృష్ణలంక_పచ్చిక | ఏప్రిల్ 8, రాత్రి 9:30

ఫాస్ఫేట్ సున్నకే తెచ్చారంటే పాచి విషయంలో మీరు సరైన దారిలోనే ఉన్నారు. ఎరువులు ఆపేసి ఇంకో రెండు వారాలు ఓపిక పట్టండి, తిండి లేక అదే చస్తుంది.

గుత్తి_రొటాలా | ఏప్రిల్ 8, రాత్రి 11:10

కృష్ణలంక గారి మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను, ఎందుకంటే ఈ లెక్క కుదరడం లేదు. రోజుకు మూడుసార్లు మేత పడే తొట్టిలో, నత్తలు వందలకు చేరిన తొట్టిలో ఫాస్ఫేట్ సున్న ఎలా అవుతుంది? మేతలో భాస్వరం ఉంటుంది. అది మొక్కల్లోకైనా వెళ్లాలి, నత్తల ఒంట్లోకైనా చేరాలి, నీటిలోనైనా కనిపించాలి. రొటాలా నెలకోసారి కత్తిరించేంత కూడా పెరగడం లేదని మీరు పెట్టిన ఫోటోలోనే తెలుస్తోంది, కాబట్టి మొక్కలు తాగేస్తున్నాయని అనుకోలేం. నిర్వాహకులు అడిగిన ఆఖరి ప్రశ్నకు మీరు జవాబు రాయలేదు. ఫిల్టర్‌లో ఏముంది?

మణికొండ_తొట్టి | ఏప్రిల్ 9, ఉదయం 7:15

స్పాంజి, సిరామిక్ రింగులు, దాంతోపాటు గోధుమరంగు గుళికల సంచి ఒకటి. పాచికి ఆహారం ఫాస్ఫేటే అని ఒక వీడియోలో చూసి, దాన్ని పీల్చే ఇనుప గుళికలు జనవరిలో పెట్టాను. పెట్టిన సంగతి కూడా మరిచిపోయాను.

గుత్తి_రొటాలా | ఏప్రిల్ 9, ఉదయం 8:40

చిక్కుముడి అక్కడే ఉంది. ఆ సంచి ఇవాళే తీసేయండి.

ముదురు ఆకుల మీద గీకితే గాని రాని పచ్చటి చుక్కలు పెంపకందారుల అనుభవంలో ఎక్కువగా కనిపించేది ఫాస్ఫేట్ మరీ తక్కువై, వెలుగు ఎక్కువైన తొట్లలోనే. పాచికి కావలసింది పిసరంత, అది ఎక్కడో ఒకచోట సంపాదించుకుంటుంది. మొక్కకు కావలసింది ఎక్కువ, అది దొరక్క ఎదుగుదల ఆగిపోతుంది. అనూబియాస్ అసలే మెల్లగా పెరుగుతుంది, ఒక్కో ఆకు నెలల తరబడి ఉండిపోతుంది, ఎదుగుదల ఆగిన ఆకు అంటే పాచికి స్థిరమైన చోటు దొరికినట్టే. మీరు చేసిన పనిని ఉన్నదున్నట్టు చెప్పాలంటే, మొక్కలను పస్తులుంచి నత్తలకు మూడు పూటలా పెట్టారు.

సీసా ఎరువులు కొనక్కర్లేదు. ఎరువుల దుకాణంలో డ్రిప్పు సాగుకు అమ్మే 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్, 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్. మొదటిది 7.2 గ్రాములు 500 మి.లీ. నీటిలో కరిగించి ఉంచుకుంటే, అందులో 5 మి.లీ. మీ 50 లీటర్లలో ఫాస్ఫేట్‌ను 1 పీపీఎం పెంచుతుంది. రెండవది 0.8 గ్రాము వేస్తే నైట్రేట్ దాదాపు 10 పీపీఎం పెరుగుతుంది. సూక్ష్మపోషకాల మిశ్రమాలు కొనేటప్పుడు మాత్రం రొయ్యల దృష్ట్యా రాగి శాతం చూసి కొనండి.

కృష్ణలంక_పచ్చిక | ఏప్రిల్ 9, ఉదయం 9:20

గుళికల సంచి సంగతి నేను ఊహించలేదు, ఆ మేరకు నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. కాని నల్ల కుచ్చులకు ఫాస్ఫేట్ వేస్తే తగ్గుతుందంటే మాత్రం ఒప్పుకోలేను.

గుత్తి_రొటాలా | ఏప్రిల్ 9, ఉదయం 9:55

నేను కూడా అనడం లేదు. ఆ నల్ల కుచ్చుల, అంటే నల్లగడ్డం పాచి కథ వేరు, దానికి మూలం ఆ చక్కెర సీసా అని నా అనుమానం. ఈస్టు ఎండకు రెచ్చిపోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం గ్యాసు ధారాళంగా వస్తుంది, తెల్లవారుజామున సగానికి పడిపోతుంది, పదో రోజుకు చక్కెర అయిపోతుంది, కొత్త సీసా కట్టేదాకా ఏమీ ఉండదు. నల్ల కుచ్చులు ఎక్కువగా పుట్టేది కార్బన్ డయాక్సైడ్ ఇలా ఎగుడుదిగుడుగా ఉండే తొట్లలోనే, అందులోనూ నీటి ప్రవాహం తగిలే ఫిల్టర్ మూతి దగ్గర. నిలకడగా ఇవ్వలేకపోతే పూర్తిగా మానేయడం మేలు. మీ మొక్కల్లో రొటాలా తప్ప మిగిలినవన్నీ గ్యాసు లేకుండా బతికేవే. మానకపోతే నీటిలో గ్యాసు ఎంతుందో రంగుతో చూపే డ్రాప్ చెకర్ ఒకటి తగిలించి, పగలంతా అది ఆకుపచ్చగానే ఉందో లేదో చూడండి. నీలానికి తిరిగితే గ్యాసు తక్కువైనట్టు, పసుపుకు తిరిగితే చేపలకు ముప్పు వచ్చినట్టు.

బెంగళూరు_బొద్దింక | ఏప్రిల్ 9, రాత్రి 7:00

ఇంత శ్రమ ఎందుకండీ? నత్తలు తినే చిన్న చేపలు పీ పఫర్లు రెండు వేయండి, నెలలో నత్త అన్న మాట ఉండదు. మా తొట్టిలో అంతే జరిగింది.

పాత_నాచు (నిర్వాహకులు) | ఏప్రిల్ 9, రాత్రి 8:10

ముద్దొచ్చే చేపే, నత్తలు తింటుందన్నది కూడా నిజమే. పడమటి కనుమల నదుల్లోని ఈ మూడున్నర సెంటీమీటర్ల చేపకు 1941లో హోరా, నాయర్ శాస్త్రీయ నామం పెట్టినప్పుడు తిరువాన్కూరు పేరునే అందులో చేర్చారు. కాని అది చెర్రీ రొయ్యలను కూడా తింటుంది, టెట్రాల రెక్కలను కొరుకుతుంది. నత్తలు అయిపోయాక దానికి రోజూ సజీవమైన మేతో, గడ్డకట్టిన పురుగులో వేయవలసి వస్తుంది. అప్పుడు మన మిత్రులు పఫర్ కోసం వేరే తొట్టి పెట్టి అందులో నత్తలను పెంచవలసి వస్తుంది.

జీబ్రా లోచ్ కూడా అంతే. కృష్ణా పరీవాహకంలోనే, పడమటి కనుమల ఏరుల్లో దొరికే చేప అది, ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) జాబితాకెక్కింది. గుంపుగా పెంచాలి, దానికి రెండడుగుల తొట్టి చాలదు. రొయ్యలున్న తొట్టికి కొంతవరకు సరిపోయేది అసాసిన్ నత్త ఒక్కటే. మూడు, నాలుగు వేస్తే ఇతర నత్తలను మెల్లగా తింటుంది. ఆడ, మగ వేరు వేరు కాబట్టి పెరగడం కూడా నిదానమే. ఏది వేసినా మేత తగ్గించనిదే ఉపయోగం లేదు.

పశువుల_ఆస్పత్రి | ఏప్రిల్ 10, మధ్యాహ్నం 1:30

వృత్తిరీత్యా పశువైద్యుణ్ని, కరీంనగర్ వైపు పనిచేస్తున్నాను. ఇక్కడ కొందరు చెరువు నుంచి అంతరతామర, వాలిస్నేరియా తెచ్చి నేరుగా తొట్టిలో వేస్తున్నట్టు పాత చర్చల్లో చూశాను. మన చెరువుల్లో, పొలం కాలువల్లో ఉండే చక్రపు నత్త ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్ పశువుల రక్తనాళాల్లో బతికే పరాన్నజీవి పురుగులకు మధ్య ఆతిథేయి, అంటే వాటి లార్వాలు ఈ నత్తలోనే పెరుగుతాయి. ఎడ్లకు, గేదెలకు ముక్కులో గడ్డలు కట్టి గురక పెట్టించే జబ్బు దీని ద్వారానే వస్తుంది, ఆ పురుగుకు స్కిస్టోసోమా నేసేల్ అని 1933లోనే పేరు పెట్టారు. నత్త నుంచి బయటికొచ్చే లార్వాలు మనిషి చర్మంలోకి దూరితే ముందుకు ఎదగలేక అక్కడే చస్తాయి, కాని తీవ్రమైన దురద, దద్దుర్లు వస్తాయి. నాట్లు వేసే కూలీలకు ఈ దురద బాగా తెలుసు.

మణికొండ వారు కంగారుపడనక్కర్లేదు. తొట్టిలో తరతరాలుగా పుట్టిన నత్తకు ఈ పురుగు సోకాలంటే జబ్బు చేసిన పశువు ముక్కు చీమిడి ఆ నీటిలో పడాలి. చెరువు నుంచి కొత్తగా తెచ్చిన నత్తలతోనే జాగ్రత్త. మొక్కలు చెరువు నుంచి తెచ్చేవాళ్లు చేతికి తొడుగులు వేసుకోవడం మంచిది.

మణికొండ_తొట్టి | ఏప్రిల్ 28, రాత్రి 9:15

మూడు వారాల లెక్క చెబుతున్నాను.

గుళికల సంచి తీసేశాను, ఫాస్ఫేట్ వారానికి రెండుసార్లు వేస్తున్నాను. లైటు 6 గంటలకు తగ్గించి, కిటికీకి కర్టెన్ కట్టాను. మేత రోజుకు ఒక్కసారి, ఆదివారం పస్తు, కోరిడోరాలకు రోజు విడిచి రోజు ఒక బిళ్ల. నాన్నగారి చేతికి మేత డబ్బా అందకుండా దాచడం మర్యాద కాదని, వారానికి సరిపడా మేతను ఆరు చిన్న పొట్లాలుగా కట్టి ఆయనకే అప్పగించాను. ఇప్పుడు నేను వేయబోతే ఆయనే ఆపుతున్నారు.

రాత్రుళ్లు కీర దోసకాయ ముక్కను కాస్త ఉడికించి, ఫోర్కుకు గుచ్చి మట్టిలో పెడుతున్నాను. తెల్లవారి లైటు వేయకముందే తీస్తే మొదటి రోజు 140 నత్తలు వచ్చాయి, నిన్న 31 వచ్చాయి.

ఇక నేను చేసిన తప్పు. నల్ల కుచ్చులకు హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించమని పాత చర్చల్లో చదివాను. 25 మి.లీ. దాకా ఫరవాలేదని గుర్తుండి, ఫిల్టర్ ఆపి సిరంజితో కుచ్చుల మీద అంతా వదిలాను. గంటలో రొయ్యలు అటూ ఇటూ పరుగులు తీశాయి. సగం నీరు మార్చినా ఆరు పోయాయి.

పాత_నాచు (నిర్వాహకులు) | ఏప్రిల్ 28, రాత్రి 9:50

సీసా మీద "20 వాల్యూమ్స్" అని ఉందా, లేదా చూడండి.

మణికొండ_తొట్టి | ఏప్రిల్ 28, రాత్రి 9:58

ఉంది.

పాత_నాచు (నిర్వాహకులు) | ఏప్రిల్ 28, రాత్రి 10:30

అయితే జరిగింది ఇదీ. విదేశీ పెంపకందారులు రాసే మోతాదులన్నీ 3 శాతం ద్రావణానికి, అంటే 10 వాల్యూమ్స్‌కు సంబంధించినవి. మన మందుల దుకాణాల్లో సాధారణంగా ఇచ్చేది 20 వాల్యూమ్స్, అంటే దాదాపు 6 శాతం. మీరు వేసిన 25 మి.లీ. వారి లెక్కలో 50 మి.లీ. అయింది. రొయ్యలున్న 50 లీటర్ల తొట్టికి 3 శాతం ద్రావణం ఒక రోజులో 20 మి.లీ. దాటకూడదు, మన సీసాతో అయితే 10 మి.లీ.కే ఆగాలి. అంతకంటే మంచి దారి అనూబియాస్‌ను రాయితో సహా బయటికి తీసి, ఆకు మీద దూదితో అద్ది, రెండు నిమిషాలాగి కడిగి తిరిగి పెట్టడం. వేళ్లు మట్టిలో పాతని మొక్క కాబట్టి దానికి ఇబ్బంది ఉండదు.

రెండు మూడు రోజుల్లో కుచ్చులు గులాబీ రంగుకు తిరిగితే చచ్చినట్టే. చూడటానికి నల్లగా ఉన్నా ఇది ఎర్ర శైవలాల (ఎర్ర పాచి) వర్గానికి చెందినది, పచ్చటి వర్ణకం పోయాక లోపలి ఎరుపు బయటపడుతుంది. అలా మెత్తబడ్డ కుచ్చులను రొయ్యలు తింటాయి.

గుంటూరు_కొత్తవాడు | మే 2, సాయంత్రం 6:20

నత్తలు రాకుండా మొదటే ఆపే ఉపాయం ఏమిటి? నాకు వచ్చే వారం చెన్నై కొళత్తూరు నుంచి మొక్కలు వస్తున్నాయి.

గుత్తి_రొటాలా | మే 2, రాత్రి 8:00

పటిక వాడండి. లీటరు నీటికి ఒక టీస్పూను పొడి కలిపి, రెండు మూడు రోజులు నానబెట్టి, బాగా కడిగి వేయండి. గుడ్లను కూడా చాలావరకు చంపుతుంది, మొక్కకు పెద్దగా హాని చేయదు. బ్లీచు అయితే 5 శాతం ద్రావణం ఒక వంతుకు 19 వంతుల నీరు కలిపి, అనూబియాస్‌లాంటి గట్టి ఆకులకు రెండు నిమిషాలు చాలు, వెంటనే హైపో (క్లోరిన్‌ను విరిచే మందు) కలిపిన నీటిలో ముంచాలి. నాచు మొక్కలు, వాలిస్నేరియా బ్లీచుకు తట్టుకోలేవు. ట్రంపెట్ నత్త మూత బిగించుకుని కూర్చుంటుంది కనుక అది ఏ స్నానానికీ లొంగకపోవచ్చు. అన్నిటికంటే నమ్మదగినది మొక్కను మూడు వారాలు వేరే బకెట్‌లో ఉంచి, ఆకుల వెనక జిగురు ముద్దల్లాంటి గుడ్ల కోసం రెండు రోజులకోసారి వెతకడం.

మణికొండ_తొట్టి | జూన్ 14, రాత్రి 8:35

చక్కెర సీసా మానేసి నెలన్నర అయింది. రొటాలా సన్నబడింది, ఎరుపు పోయి పచ్చగా మారింది, అది తప్ప నష్టం లేదు. అనూబియాస్‌కు మూడు కొత్త ఆకులు వచ్చాయి, వాటి మీద చుక్క కూడా లేదు. పాత ఆకుల్లో బాగా చెడినవి నాలుగు కత్తిరించాను. ఫిల్టర్ మూతి దగ్గర రెండు కుచ్చులు ఇంకా ఉన్నాయి, పెరగడం లేదు, తగ్గడమూ లేదు. రొయ్యలు పిల్లలు పెట్టాయి. తొట్టి టీడీఎస్ 410 నుంచి 330కి దిగింది, ఎండాకాలంలో ఆవిరైన నీటిని కుళాయి నీటితో నింపుతూ పోవడం వల్లే పెరిగిందని ఇప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఆవిరైనదానికి ఆర్వో నీరు పోస్తున్నాను.

దోసకాయ ముక్కకు రాత్రికి ఐదారు నత్తలు పడుతున్నాయి. అవి పాచి గీకుతుంటే చూడటం అలవాటైపోయి, ఈ వారం ముక్క పెట్టనే లేదు.

బెంగళూరు_బొద్దింక | జూన్ 14, రాత్రి 9:05

మా తొట్టిలో నత్తలు పూర్తిగా అయిపోయి పఫర్లు పురుగులు ముట్టకుండా అలిగి కూర్చున్నాయి. వచ్చే శనివారం హైదరాబాద్ వస్తున్నాను. మీ నత్తలు కొన్ని ఇవ్వగలరా?

మణికొండ_తొట్టి | జూన్ 14, రాత్రి 9:12

తప్పకుండా రండి. శుక్రవారం రాత్రే దోసకాయ ముక్క పెట్టి, బ్లాడర్ నత్తలు, చిన్న రామ్స్‌హార్న్‌లు ఒక డబ్బాలో సిద్ధం చేస్తాను. ట్రంపెట్‌లు మాత్రం ఇవ్వను. వాటి గుల్ల మీ పఫర్ల పళ్లకు గట్టిదంటారు, పైగా మట్టిని గుల్లగా ఉంచుతున్నాయని వాటిని ఉంచుకోవాలని నాన్నగారు తీర్మానించారు.